గడియ

నా టూల్‌బాక్సు అడుగున ఒక పగిలిన తాళం ఉంది. ఇత్తడిది, అరచేతిలో పట్టేంత. కొక్కెం ఒక పక్కకు వంగిపోయింది, ఒంటి మీద మూడు సుత్తి దెబ్బలు. టెస్టరు కోసమో టేపు కోసమో తడుముకుంటే వేళ్లకు తగులుతుంటుంది. ఇన్నేళ్లయినా పారెయ్యలేదు. ఆ తాళం కొన్నదీ నేనే, వేసిందీ నేనే. పగలగొట్టింది మాత్రం వేరే మనిషి. అతనిదే తప్పని ఆ రాత్రి ఓ ఐదు నిమిషాలు గట్టిగా నమ్మాను. ఆ ఐదు నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మాది జగిత్యాల పక్కన పల్లె. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి, 2003లో బహ్రెయిన్‌లో దిగాను. మరుసటేడు ఆగస్టు 23న దేశం దేశమంతా కరెంటు పోయింది. ఆగస్టు నెల, గల్ఫ్ ఎండ, చుట్టూ సముద్రపు ఉక్క. మా క్యాంపులో మంచం మీద కూర్చుంటే మంచం కాలేది, నేల మీద కూర్చుంటే నేల కాలేది. బకెట్‌లో నీళ్లు కూడా వేడిగానే ఉన్నాయి. చివరికి ఫ్యాను తిరగడం మొదలుపెట్టినప్పుడు క్యాంపంతా ఈలలు వేసింది. ఆ రోజు నా మనసులో ఒక మాట నాటుకుపోయింది. ఎలక్ట్రీషియన్ అంటే కరెంటు తెచ్చేవాడు, పోతే మళ్లీ తెప్పించేవాడు. ఆపడం కూడా ఆ పనిలో సగమని తెలియడానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

అద్లియా మనామాలో ఒక పేట. గల్ఫ్ హోటల్ 1969లో తెరిచింది ఇక్కడే. లోపలి సందుల్లో ఉన్నవన్నీ ఒకప్పుడు కాపురాలున్న ఇళ్లు. ప్రహరీ గోడ, ముందు ఒక చెట్టు, పైన డాబా. కాపురాలు ఒక్కొక్కటే వెళ్లిపోయి వాటిలోకి హోటళ్లు, బొమ్మల గ్యాలరీలు, సెలూన్లు, టైలరింగ్ కొట్లు వచ్చాయి. బ్లాక్ 338 అంటే చాలు, ట్యాక్సీవాడు ఇంకేం అడగడు. మధ్యాహ్నం పోతే పిల్లి కూడా కనపడదు, రాత్రి పోతే కాలు పెట్టడానికి చోటుండదు.

గోడలు కొత్త వేషం వేసుకున్నా, గోడల్లోని వైర్లు మాత్రం ఇంకా పాత కాపురమే చేస్తున్నాయి. నేను చూసుకునే బిల్డింగు అలాంటిదే. అప్పట్లో ఒక కుటుంబం కోసం కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఇప్పుడు కింద నాలుగు కొట్లు, పైన ఒక ఆఫీసు. కానీ ఎలక్ట్రిక్ డీబీ, అంటే బ్రేకర్లుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ఒక్కటే, మెట్ల కింది అల్మారాలో. దాని తలుపు వెనక సందులోకి తెరుచుకుంటుంది. కొట్లోంచి అక్కడికి పోవాలంటే ముందు తలుపుతో బయటికొచ్చి, బిల్డింగు చుట్టూ తిరిగి, చెత్త డబ్బాలు దాటాలి. ఆ బోర్డు మీద ఏ బ్రేకరు ఎవరిదో పాత యజమాని అరబ్బీలో రాయించిన చీటీ ఉండేది. అందులో 'వంటిల్లు' అని ఉన్నది ఇప్పుడు జ్యూస్ షాపువాడి ఐస్‌క్రీం ఫ్రీజరు. 'పిల్లల గది' అని ఉన్నది మొబైల్ రిపేరు షాపు. టైలరింగ్ కొట్టు ఒకప్పుడు ఆ ఇంటి మజ్లిస్, అంటే వచ్చినవాళ్లు కూర్చునే హాలు. రెండు లైట్లూ ఒక టీవీ కోసం వేసిన వైరు మీద మూడు కుట్టుమిషన్లు, ఒక స్టీమ్ ఐరన్ నడుస్తున్నాయి.

ఆ అల్మారాకు తాళం వేయాలన్న ఆలోచన నాదే. ఊరికే వేయలేదు. మొదటి కారణం జ్యూస్ షాపు. వాళ్ల ఏసీ బ్రేకరు 20 ఆంపియర్లది, ఎండాకాలం మధ్యాహ్నాల్లో మాటిమాటికీ పడిపోయేది. నాకు ఫోన్ చేసి చేసి విసిగిపోయి, దారిన పోయే ఎలక్ట్రీషియన్ ఎవరికో మూడు దీనార్లిచ్చి 32 ఆంపియర్లది పెట్టించుకున్నాడు. ఏసీ ఇంక ఆగలేదు, అతను సంతోషించాడు. నేను మాత్రం అది చూసి హడలిపోయాను. బ్రేకరు కాపాడేది ఏసీని కాదు, గోడలో ఉన్న వైరును. కరెంటు ఎన్ని రెట్లయితే, వేడి దాని వర్గమంత రెట్లవుతుంది. 20 పారాల్సిన చోట 32 పారితే పుట్టే వేడి రెండున్నర రెట్లు. అప్పుడు బ్రేకరు కదలకుండా కూర్చుంటుంది, వైరే ఫ్యూజు అవుతుంది. తేడా ఏమిటంటే, ఫ్యూజు డబ్బాలో కాలుతుంది, వైరు గోడలో కాలుతుంది.

రెండోది సెలూన్. వాళ్ల గీజరులో ఎలిమెంటు పాడై ఈఎల్‌సీబీ నిలిచేది కాదు. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పి భూమిలోకి జారినా సెకనులో మూడో వంతు లోపే కరెంటు కట్ చేసే వస్తువది. మనిషికి షాక్ కొట్టినప్పుడు ప్రాణం నిలబెట్టేది అదే. వాళ్లు గీజరు బాగుచేయించలేదు, ఈఎల్‌సీబీని తప్పించి వైరు నేరుగా కలిపించుకున్నారు. తడి చేతులతో పనిచేసే కొట్లో! మూడోది, అల్మారా ఖాళీగా కనపడితే చాలు, ఎవరో ఒకరు అట్టపెట్టెలు తెచ్చి బోర్డుకు ఆనించి పేర్చేవాళ్లు.

ఇంక సహించలేక ఒకరోజు తాళం కొనుక్కొచ్చాను. అర్బాబ్‌కు, అంటే బిల్డింగు యజమానికి, చెబితే "జైన్, జైన్" అన్నాడు. ఆయనకూ అదే కావాలి. ఎవరో చెయ్యి పెట్టి పోతే కేసు ఆయన మీదికే వస్తుంది. తాళం చెవులు రెండు. ఒకటి నా జేబులో, ఇంకోటి నాటూర్ దగ్గర. నాటూర్ అంటే ఇక్కడ బిల్డింగు కాపలాదారు. మాకున్నది బంగ్లాదేశ్ భాయ్, పెద్దవాడు, మంచివాడు. ఆయన ఒక్కడికి రెండు బిల్డింగులు. పగలు కార్లు కడుగుతాడు, రాత్రి ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంటాడు.

తాళం వేసినరోజు నాకు నిద్ర బాగా పట్టింది. పిల్లలకు అందకుండా అగ్గిపెట్టె అటక మీద పెట్టినట్టు అనిపించింది.

అది 2019 ఆగస్టు 8, గురువారం. మర్నాడు వరలక్ష్మీ వ్రతం, ఆ వచ్చే ఆదివారం బక్రీద్. టైలరింగ్ కొట్టు అక్కది కోనసీమ, రాజోలు వైపు. ఇరవై ఏళ్ల కింద ఇంటిపనికి వచ్చి, కుట్టుపని నేర్చుకుని, సొంతంగా కొట్టు పెట్టుకున్న మనిషి. గుదేబియా, హూరా నుంచి మన తెలుగు ఆడవాళ్లు జాకెట్ల కోసం ఆమె దగ్గరికే వస్తారు. శ్రావణమాసం వచ్చిందంటే ఆమెకు తిండి సయించదు, నిద్ర పట్టదు. ఆ సాయంత్రం కొట్లో కుట్టిన జాకెట్లు యాభై దాకా తీగకు వేలాడుతున్నాయి. వ్రతానికి కట్టుకోవాల్సినవి, ఆ రాత్రే ఇవ్వాల్సినవి.

రాత్రి ఎనిమిది అవుతుంటే ఫోన్ వచ్చింది.

"తమ్ముడూ, ఐరన్ పెట్టె ప్లగ్గు దగ్గర పొగొస్తోందయ్యా. స్విచ్చి నొక్కుతుంటే పడట్లేదు. మెత్తగా అయిపోయింది."

"ప్లగ్గు ముట్టకు అక్కా! మెయిన్ బంద్ చెయ్యి."

"మెయినెక్కడుంది?"

"మెట్ల కింద అల్మారాల."

అటునుంచి క్షణం సేపు మాట లేదు. "దానికి నువ్వే కదయ్యా తాళమేశావు."

"నాటూర్‌ను అడుగు, ఆయన దగ్గర చెవి ఉంటది."

"నమాజుకెళ్లాడు. ఫోను గదిలోనే మోగుతోంది. నీ దగ్గరున్నదో?"

నా దగ్గరున్నది నా ప్యాంటు జేబులోనే ఉంది. నేను మాత్రం సల్మాబాద్‌లో ఇంకో బిల్డింగులో మోటారు విప్పుకుని కూర్చున్నాను. ఫోన్లోంచి వెనక ఎవరో అమ్మాయి అరుస్తున్న మాట వినిపించింది. "తడిగుడ్డ పట్టుకుని లాగేస్తానక్కా!" నా గుండె ఆగినంత పనైంది. "వద్దక్కా, వద్దను! అందరూ బయటికి రండి. 999 కొట్టండి" అని అరిచి బండి తీశాను.

బక్రీద్ ముందు గురువారం రాత్రి అద్లియా వైపు పోయే రోడ్డు ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కార్ల మధ్య ఇరుక్కుని ఉన్నంతసేపు ఎడమచేత్తో జేబులో చెవి తడుముకుంటూనే ఉన్నాను. చేతిలో ఉన్నదానికీ, చేయాల్సినదానికీ మధ్య ఊరు ఊరంతా అడ్డం ఉంది. మా నాయనమ్మ గంటలు ఎరగదు, గడియల్లో లెక్క పెట్టేది. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఆ రాత్రి నాకు సరిగ్గా ఒక గడియ పట్టింది.

వెళ్లేసరికి బిల్డింగంతా చీకటి. సందులో సివిల్ డిఫెన్స్ వాళ్ల ఫైరింజను ఎర్రదీపం తిరుగుతోంది. ఆ వెలుగులో అక్క, ఇద్దరు కుట్టుపిల్లలు, సెలూన్ వాళ్లు, జ్యూస్ షాపతను, అందరూ క్షేమంగా ఉన్నారు. అల్మారా తలుపు బార్లా తీసి ఉంది. నా తాళం నేల మీద పడి ఉంది. ఎదురుగా కెఫెటేరియాలో చాయ్ పోసే మలయాళీ కుర్రాడు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

నేను మొదట చూసింది మనుషుల్ని కాదు. తాళాన్ని చూశాను. "ఎవర్రా పగలగొట్టింది? నీకేం తెలుసని బోర్డులో చెయ్యి పెట్టావు?" అని ఆ కుర్రాడి మీదికి పోయాను. వాడు పాపం తెల్లమొహం వేశాడు. చాలాసేపే తిట్టాను. అప్పుడు అక్క వంగి, ఆ తాళం తీసి, నా చేతిలో పెట్టింది. కోపంగా కూడా అనలేదు.

"తాళం పదిలంగా ఉండి కొట్టు తగలబడుంటే, అప్పుడు ఎవర్ని తిట్టేవాడివయ్యా?"

నా దగ్గర జవాబు లేదు. టార్చి పట్టుకుని కొట్లోకి నడిచాను.

సాకెట్ పెనం మీద మరిచిపోయిన అట్టులా నల్లగా పొంగి ఉంది. ప్లగ్గు దానిలో కరిగి అతుక్కుపోయింది. విప్పి చూస్తే గోడలో జానెడు పొడుగున వైరు తొడుగు పెళుసుబారి, ముట్టుకుంటే పెంకులు పెంకులుగా రాలింది. పైన జానెడున్నర దూరంలో వేలాడుతున్న జరీ జాకెట్టు అంచు గోధుమరంగుకు తిరిగింది. కారణం వెతికితే దొరికింది ఒక స్క్రూ. సాకెట్ వెనక వైరును బిగించే స్క్రూ అర చుట్టు వదులైంది. అంతే.

నన్ను నిద్రపోనివ్వంది ఆ అర చుట్టే. ఎందుకంటే అది ఏ బ్రేకరుకూ కనపడదు. కరెంటు మామూలుగానే పారుతోంది, కాబట్టి బ్రేకరు పడదు. భూమిలోకి ఏమీ జారడం లేదు, కాబట్టి ఈఎల్‌సీబీ కదలదు. ఆ బోర్డులో ఉన్న వస్తువులన్నీ తమ పని తాము సరిగ్గానే చేస్తున్నాయి, గోడ మాత్రం కాలుతోంది. వదులు జాయింటును పసిగట్టేది ఆ పాతబోర్డులో ఏదీ లేదు. కాలుతున్న ప్లాస్టిక్ వాసన పట్టే ముక్కు, సన్నటి పొగ చూసే కన్ను, చిటపట వినే చెవి, ఇవే దానికి దిక్కు. అవి ఉన్నది కొట్లో కూర్చున్న మనిషికి. నేను ఆ మనిషికీ బోర్డుకూ మధ్య తాళం వేశాను. ఇన్నాళ్లూ కిరాయిదారును ప్రమాదమనుకున్నాను. నిజానికి ఆ బిల్డింగులో అన్నిటికంటే మంచి సేఫ్టీ పరికరం ఆమే.

ఆ రాత్రి ఇంకో నష్టం కూడా జరిగింది, అదీ నా ఖాతాలోదే. కుర్రాడు తాళం పగలగొట్టి తలుపు తీస్తే లోపల వరుసగా బ్రేకర్లు కనిపించాయి. ఏది ఎవరిదో వాడికేం తెలుసు? అరబ్బీ చీటీ ఎప్పుడో వెలిసిపోయింది. కొత్త పేర్లు రాయాల్సింది నేను, రాయలేదు. ఎందుకు రాయాలి, తెరిచేది నేనేగా అనుకున్నాను. వాడు బుద్ధిమంతుడు, అన్నిటికంటే పెద్దది చూసి మెయిన్ దించేశాడు. ప్రాణాలు దక్కాయి. నేను వైరు మార్చి, చూసుకుని, కరెంటు ఇచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. జ్యూస్ షాపులో ఐస్‌క్రీం అంతా నీళ్లయింది. ఒక్క సాకెట్ ఆపడానికి ఐదుగురి కరెంటు పోయింది.

తెల్లారి అల్మారా దగ్గర కూర్చుని ఇంకోటి కనిపెట్టాను. అదీ పనిలో పనిగా చెప్పేస్తాను. మన ఇళ్లలో వాడే ఎంసీబీ బ్రేకర్లను కంపెనీలు 30 డిగ్రీల వేడి దగ్గర లెక్కగట్టి చేస్తాయి. చుట్టూ వేడి అంతకంటే పెరిగితే అవి రాసినదానికంటే తక్కువ కరెంటుకే పడిపోతాయి. నేను మధ్యాహ్నం ఆ అల్మారాలో థర్మామీటర్ పెట్టి తలుపు మూస్తే 48 చూపించింది. పడమటి గోడ, గాలి తూము లేదు. జ్యూస్ షాపు బ్రేకరు ఊరికే పడిపోవడానికి సగం కారణం ఆ ఉక్కే. పడిపోతుందని అతను పెద్దది పెట్టించాడు. పెట్టించాడని నేను తాళం వేశాను. తాళం వేసి ఆ ఉక్కను మరింత బిగించాను. తప్పు చేసిన ఇద్దరిలో శిక్ష పడింది ఒకరికే, ఆ ఒకరూ నేను కాను.

ఆ కుట్టుపిల్ల తడిగుడ్డ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ గుర్తొస్తుంది. మా చెలక గట్టు మీద ఉండేది. దాన్ని ఆపడానికి స్తంభం మీద ఏబీ స్విచ్ ఉంటుంది, కింద పిడి ఉంటుంది. మా దగ్గర ఆ పిడి నా చిన్నప్పుడే తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఎండకు పొలం నెర్రెలిస్తుంటే ఫ్యూజు పోతుంది. లైన్‌మన్‌కు ఫోన్ కలవదు, కలిసినా నాలుగూళ్ల అవతల ఉంటాడు. రైతు ఎంతసేపని చూస్తాడు? ఎండుకర్ర తీసుకుని తనే ఎక్కుతాడు. మా చిన్నాయిన అలాగే ఎక్కి, కింద పడి, కుడిచెయ్యి కాల్చుకుని బతికాడు. బతకనివాళ్ల వార్తలు పంటకాలం వస్తే జిల్లా పేజీల్లో పడుతూనే ఉంటాయి. చదివినవాళ్లు 'తెలియని పనిలో ఎందుకు చెయ్యి పెట్టాలి' అంటారు. నేనూ అనేవాణ్ని. తెలియక పెట్టలేదు. ఆపే పిడి అందలేదు కాబట్టి అందినచోట పెట్టాడు. నేను వేసిన తాళం కూడా ఆ తుప్పుపట్టిన పిడి లాంటిదే. మనుషులు చెయ్యి పెట్టకుండా అది ఆపలేదు. మంచిచోట పెట్టాల్సిన చేతిని చెడ్డచోటికి తోసింది.

తర్వాత నేను కొంచెం చదువుకున్నాను. ఐటీఐలో అచ్చు పుస్తకం మూసిన చెయ్యి, ఇన్నేళ్లకు మళ్లీ తెరిచింది. చూస్తే నేను బుర్ర బద్దలుకొట్టుకుని తెలుసుకున్నది పెద్దలు ఎప్పుడో రాసిపెట్టారు. అమెరికావాళ్ల జాతీయ విద్యుత్ కోడ్ 1897లో మొదలైంది. దానిలో 240.24 సెక్షన్ ఇదే చెబుతుంది. ఒక జాగాలో ఉండేవాడికి ఆ జాగాకు కరెంటు ఇచ్చే బ్రేకర్లు ఎప్పుడంటే అప్పుడు అందుబాటులో ఉండాలి. మన దేశంలో 1956 నాటి విద్యుత్ నియమాల్లో 50వ నియమం కూడా సరఫరా మొత్తాన్ని ఆపే స్విచ్ సులువుగా అందేలా, సులువుగా దించగలిగేలా ఉండాలనే అనేది. ఇక అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణాల్లో 61439 మూడో భాగం మొత్తం సామాన్యుడు చెయ్యి పెట్టే డిస్ట్రిబ్యూషన్ బోర్డుల గురించే. బయటి తలుపు తీస్తే లివర్లు మాత్రమే అందాలి. కరెంటు ఉన్న భాగాల మీద ఇంకో మూత, దానికి స్క్రూలు, అవి పనిముట్టు లేకుండా ఊడకూడదు.

అది చదివాక నా తప్పు నాకు రెండు ముక్కల్లో అర్థమైంది. బోర్డుకు తలుపులు రెండు. మొదటిది ఆపడానికి, రెండోది మార్చడానికి. మార్చే హక్కు పని తెలిసినవాడిది. ఆపే హక్కు పక్కనున్నవాడిది. జ్యూస్ షాపతను రెండో తలుపు తెరిచాడని కోపం వచ్చి నేను మొదటి తలుపు మూసేశాను.

అమెరికా కోడ్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది. బిల్డింగు యాజమాన్యమే కరెంటు పనులన్నీ చూసుకుంటూ, ఎడతెగకుండా కాపలా ఉంటే, కొన్ని బ్రేకర్లను తమ మనుషులకే అందేలా ఉంచుకోవచ్చు. నాకు ఆ మినహాయింపు అసలు నియమం కంటే ఎక్కువ నచ్చింది. తాళం వేయొద్దని అనడం లేదు. వేస్తే అక్కణ్నుంచి కదలకు అంటోంది. రేయింబవళ్లు కంట్రోల్ రూమ్ నడిచే పెద్ద మాల్‌కు, పెద్ద హోటల్‌కు అది చెల్లుతుంది. రెండు బిల్డింగులకు ఒక్క నాటూర్, అరడజను బిల్డింగులకు ఒక్క నేను ఉన్నచోట ఎలా చెల్లుతుంది? భాయ్ నమాజుకు పోవడం తప్పా? నేను సల్మాబాద్‌లో మోటారు విప్పడం తప్పా? కదలకుండా ఉండలేనివాళ్ల చేతుల్లో చెవి పెట్టడమే తప్పు.

అర్బాబ్‌కు ఇదంతా చెప్పడం సులువు కాలేదు. సాకెట్ చూపించాను. "మరి ఎవరైనా చెయ్యి పెట్టి చస్తే?" అని మళ్లీ అదే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. "లోపలి మూతకు నేను స్క్రూలు బిగిస్తాను. విప్పితే తెలిసేలా వాటి మీద ఎర్ర రంగు గీత పెడతాను. లివరు ఎత్తి దించితే ఎవరూ చావరు, అది అందకపోతే చస్తారు" అన్నాను. చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. ప్రతి కొట్టుకూ లోపలే చిన్న డీబీ వేద్దామంటే ఖర్చు లెక్కచూసి, "ఎవరు ఖాళీ చేస్తే వాళ్లది, అప్పుడప్పుడు" అన్నాడు. ఇప్పటికి మూడు కొట్లకు అయింది. సెలూన్, ఆఫీసు ఇంకా మెట్ల కిందే.

మిగతాది నా చేతిలో ఉన్న పని. అల్మారా తలుపుకు పైనా కిందా గాలి కన్నాలు కొట్టాను. జ్యూస్ షాపు ఏసీకి పాత 20 ఆంపియర్ల బ్రేకరే మళ్లీ పెట్టాను. ఇప్పుడు పడటం లేదు. సెలూన్‌లో గీజరు మార్పించి, ఈఎల్‌సీబీ కలిపాను. ప్రతి లివరు కింద కొట్టు పేరు, వస్తువు పేరు ఇంగ్లీషులో, అరబ్బీలో రాసి, పక్కన బొమ్మ వేశాను. కుట్టుమిషను, కత్తెర, ఐస్‌క్రీం పుల్ల, ఫోను. చదువు రానివాళ్లకు కూడా చీకట్లో టార్చి వేస్తే తెలియాలి. ఒక శుక్రవారం పొద్దున అందరినీ అల్మారా ముందు నిలబెట్టి, ఎవరి లివరు వాళ్లతోనే దింపించి, ఎత్తించాను. ఈఎల్‌సీబీ మీద చిన్న టెస్టు బటన్ ఉంటుంది. నెలకోసారి దాన్ని నొక్కి చూడాలి, నొక్కితే టక్కున పడాలి, పడకపోతే నాకు ఫోన్ చేయాలి, అది చెప్పాను. అక్క మొదటిసారి నొక్కి, టక్కుమని పడగానే ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. "ఇన్నేళ్లుగా కరెంటు బిల్లు కడుతున్నాను, కరెంటును ఇవాళే చూశానయ్యా" అంది.

కెఫెటేరియా కుర్రాడికి క్షమాపణ చెప్పాను. "పర్వాలేదు చేట్టా" అని చాయ్ పోసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

తర్వాతి సంవత్సరాల్లో వచ్చిన వార్తలు మామూలుగా చదవలేకపోయాను. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు రేగి, ఆఫీసులో పనిచేసుకుంటున్న ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగు తగలబడి యాభై మంది దాకా చనిపోయారు. ఎక్కువమంది మన దేశంవాళ్లు, ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వాళ్లు. కింద కాపలాదారు గదిలో షార్ట్ సర్క్యూట్ అయిందని అక్కడి అగ్నిమాపక శాఖ తేల్చింది. అక్కడ ఏ స్విచ్ ఎవరికి అందేదో నాకు తెలియదు, ఒక లివరు వాళ్లందరినీ బతికించేదని అనడం న్యాయం కాదు. కానీ ఆ వార్త చదువుతున్నప్పుడు నా చెయ్యి దానంతటదే ప్యాంటు జేబు మీదికి పోయింది.

ఈ కథ అద్లియాది మాత్రమే కాదు. అమీర్‌పేటలో ఇళ్లను విడగొట్టి కట్టిన హాస్టళ్లూ కోచింగ్ సెంటర్లూ, విజయవాడ వన్‌టౌన్‌లో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న కొట్లూ, ఎక్కడైనా కాపురానికి వేసిన వైరు మీద వ్యాపారం నడుస్తుంటే ఇదే కథ. కొట్టు కిరాయికి తీసుకునేటప్పుడు మనం అడ్వాన్సు ఎంత, నీళ్లొస్తాయా, బండి ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ అడుగుతాం. వాస్తు కూడా చూపిస్తాం. బోర్డెక్కడుందని అడగం.

అడగండి. అడ్వాన్సు చేతిలో పెట్టకముందే అడగండి. చూపించమనండి. మీ కొట్టు బ్రేకర్లు మీ కొట్లో లేకపోతే ఎందుకు లేవో అడగండి. మీ చేత్తో దించి, మీ కొట్లో దీపం ఆరిందో లేదో చూసుకోండి. లోపలి మూత స్క్రూలు మాత్రం ముట్టుకోకండి, అది మా పని. బోర్డుకు తాళం వేసి ఉండి, చెవి ఫలానా మనిషి దగ్గర ఉందని ఇంటాయన అంటే, ఆ మనిషి మంచివాడా కాదా అని అడక్కండి. మంచివాడే అయి ఉంటాడు. రాత్రిపూట ఎక్కడ పడుకుంటాడో అడగండి.

మా మెట్ల కింది అల్మారాకు ఇప్పుడు తాళం లేదు. తలుపు గాలికి కొట్టుకోకుండా బయట ఒక గడియ ఉంది, అంతే.